కరపత్రం అడుగున సన్న అక్షరాలు

మా నాన్న చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు అడుగు చూస్తాడు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా అంతే. పిల్ల ఎవరు, పిల్లాడు ఎవరు అన్నది తర్వాత. ఏ ప్రెస్సు, ఏ ఊరు అన్నది ముందు. "సర్లే, అక్కడ కొట్టించారా, అందుకే ఒత్తులు ఇలా విరిగిపోయాయి" అని తేల్చేసి, అప్పుడు ముహూర్తం చదువుతాడు. నెల్లిమర్లలో ముప్పై రెండేళ్లు పేపరు ఏజెంటుగా చేసిన మనిషి అలవాటు అది.

నాదీ అదే వ్యాపారం అని నేనంటాను, కాదని ఆయనంటాడు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక మందుల షాపు మీద రెండు గదులు అద్దెకి తీసుకుని పదకొండేళ్లుగా ఆన్‌లైన్ మార్కెటింగ్ చేస్తున్నాను. నాతో ముగ్గురు కుర్రాళ్లు. బంగారం కొట్టు, పళ్ల డాక్టరు, ఒక ఇంటర్ కాలేజీ, పొందూరు ఖాదీ అమ్మే భార్యాభర్తలు, పలాస జీడిపప్పు పార్సిల్ చేసే అబ్బాయి, ఇలాంటి వాళ్లు నా కస్టమర్లు. ఎన్నికలొస్తే ఇంకో రకం వాళ్లు కూడా మెట్లెక్కి వస్తారు. వాళ్ల గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ పాంప్లెట్ల సంగతి ముందు చెప్పకపోతే అది అర్థం కాదు.

మా చిన్నప్పుడు పేపర్లు విశాఖపట్నంలో అచ్చయి వ్యానులో వచ్చేవి. ఈనాడు 1974 ఆగస్టు 10న పుట్టింది అక్కడే. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడి ఉండాలన్న పంతం ఆ పత్రికే తెచ్చిపెట్టిందని, తన నిద్ర పోయింది అప్పటినుంచేనని నాన్న లెక్క. మూడున్నరకి వ్యాను మా వీధి మొదట్లో కట్టలు పడేసి పోయేది. ఆగేది కాదు, కాస్త నెమ్మదించేదంతే. నేనూ అన్నయ్యా కళ్లు నులుముకుంటూ కట్టలు విప్పి, లైన్ల వారీగా లెక్కపెట్టి, మధ్య పేజీలు లోపల దోపేవాళ్లం. పాంప్లెట్లు పెట్టేది అప్పుడే. చీరల కొట్టు డిస్కౌంటు, కొత్త ట్యూషన్ సెంటరు, నెలకోసారి వచ్చే కంటి డాక్టరు. వెయ్యికి ముప్పై రూపాయలు తీసుకునేవాడు నాన్న. అందులో మాకు చెరో రెండు. నా మొదటి అడ్వర్టైజింగ్ సంపాదన అదే.

అప్పటికే నాన్నకి ఏ పాంప్లెట్ ఎక్కడ పెట్టాలో తెలుసు. చీరల కాగితం జూట్ మిల్లు మనుషుల లైనుకి జీతాల వారంలోనే పెట్టించేవాడు. కంటి డాక్టరుది మాస్టార్లు ఎక్కువగా ఉండే వీధికి. ట్యూషన్ వాడిది మాత్రం అందరికీ. చదువుకోనివాళ్ల ఇంట్లోనే ట్యూషన్‌కి డబ్బులు ముందు తీస్తారని ఆయన నమ్మకం. ఇప్పుడు మా కుర్రాళ్లకి ఇదే విషయాన్ని టార్గెటింగ్, టైమింగ్ అని పెద్ద పెద్ద పేర్లు పెట్టి నేర్పిస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఒక అభ్యర్థి తాలూకు మనిషి రాత్రి పదింటికి రెండు సంచులు మోసుకొచ్చాడు. ఈ సంచిలోవి ఫలానా మూడు వీధులకి, ఆ సంచిలోవి బజారుకి అన్నాడు. నాన్న ఊళ్లో లేడు. అన్నయ్య డబ్బులు తీసుకుని సంచులు లోపల పెట్టాడు. తెల్లారగట్ల చెప్పినట్టే పెట్టేశాం. వీధుల కాగితంలో ఉన్నది: సంత రోజున మీ గుమ్మాల ముందు బళ్లు, పశువులు, బురద, గెలిచిన నెలలోగా సంతను ఊరి బయటికి మార్పిస్తాను. బజారు కాగితంలో ఉన్నది: సంత మన బజారుకి ప్రాణం, ఎవరేమన్నా ఇక్కడినుంచి కదలనివ్వను. రెండింటి మీదా ఒకటే ఫొటో, ఒకటే దండం.

మా వీధి చివర ఒక టీ బడ్డీ ఉండేది. నైట్ షిఫ్టు దిగిన మిల్లు మనుషులు, కేంద్రంలో పాలు పోసి వచ్చినవాళ్లు, రిటైరైన మాస్టారొకాయన, అందరూ అక్కడే. ఒకడు పైకి చదివేవాడు, మిగతావాళ్లు వార్తతో వాదన పెట్టుకునేవారు. ఆ రోజు బజారు షావుకారు పేపర్లోంచి ఒక కాగితం, వీధిలో ఉండే మేస్త్రి పేపర్లోంచి ఇంకో కాగితం జారి ఒకే బల్ల మీద పడ్డాయి. మాస్టారు కళ్లజోడు సవరించుకుని రెండూ వరసగా చదివాడట. "ఏటి బాబూ ఇది, సంత ఎల్తాదా, ఉంటాదా?" అని ఎవరో అడిగారట. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. ఆ అభ్యర్థి స్కూటరు మీద కనబడితే చాలు, చెరువు గట్టు మీద పిల్లలు కూడా "సంత ఎల్తాదా, ఉంటాదా" అని కేకలు వేసేవారు. ఆయన ఓడిపోయాడు. సంత వల్లే ఓడిపోయాడని నేననను, పంచాయతీల్లో సవాలక్ష ఉంటాయి. కానీ ఆ కేకలు ఆయన చెవిన పడకపోవడం మాత్రం అసాధ్యం.

నాన్న ఊరినుంచి వచ్చి మా ఇద్దరినీ తిట్టాడు. ఆ తిట్టు రెండు రకాల కాగితాలు పెట్టినందుకు కాదు. అడుగు చూడనందుకు. ఆ కాగితాల అడుగున ప్రెస్సు పేరు లేదు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకైతే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ఉంది: ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవాళ్ల పేరు, వేయించినవాళ్ల పేరు, చిరునామాలు ఉండి తీరాలి. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ నంబరు నాన్నకి తెలియదు, నాకు తెలిసింది చాలా తర్వాత. ఆయనకి పంచాయతీ అయినా పార్లమెంటు అయినా ఒకటే. "పేరు చెప్పుకోలేని కాగితం మన కట్టలో ఎందుకు పెట్టాలిరా?" అన్నాడు. పేపరు చివరి పేజీ అడుగున కూడా ఉంటుంది కదా, ఎడిటర్ ఎవరు, ఎవరు ఎక్కడ ముద్రించారు అని చీమ తలకాయంత అక్షరాల్లో. నాన్న అది కూడా చదివేవాడు. ఎడిటర్ మారితే మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.

ఇక నా పని. ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టాలంటే మ్యాప్ తెరుచుకుంటుంది. దాని మీద పిన్ వేసి, చుట్టూ ఎన్ని కిలోమీటర్లు అని చెప్పాలి. ఒక్క కిలోమీటరు దాకా తగ్గించొచ్చు. వయసు, ఆడా మగా, ఏ భాష, ఏమేం ఇష్టం అన్నవి పక్కన గడుల్లో ఉంటాయి. మతం, రాజకీయ అభిప్రాయాలు లాంటి వాటిని పట్టుకుని గురి పెట్టే గడుల్ని 2022 జనవరిలో తీసేశారు. కులం గడి ఎలాగూ లేదు. అవసరం ఏముంది? ఏ ఊళ్లో ఎవరి ఇళ్లు ఎక్కువో తెలిసినవాడికి పిన్ చాలు. అది తెలియని ఏజెంటు మా జిల్లాలో ఏ పార్టీలోనూ లేడు.

ఇంకోటి ఫోన్ నంబర్ల లిస్టు. బట్టల కొట్లో బిల్లు వేసేటప్పుడు "నంబరు చెప్పండి మేడమ్" అంటారు చూడండి, ఆ లిస్టు ఎక్కిస్తే ఫేస్‌బుక్ ఆ నంబర్ల మనుషుల్లో ఖాతా ఉన్నవాళ్లని వెతికి వాళ్లకే ప్రకటన చూపిస్తుంది. 2024 ఎన్నికలప్పుడు ఒకాయన నా ఆఫీసులో టీ తాగుతూ, "బంగారం కొట్టు నంబర్లు మీ దగ్గరుంటాయి కదా, ఓ కాపీ ఇయ్యండి" అని ఉప్పు అడిగినంత తేలిగ్గా అడిగాడు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం వచ్చిందండీ, కుదరదు అన్నాను. నిజం చెప్పాలంటే చట్టం కంటే ముందు గుర్తొచ్చింది బంగారం కొట్టు ఓనరు మొహం. ఆయనకి తెలిస్తే మర్నాడే నా పని పోతుంది.

ఇలా చెబుతుంటే నా వ్యాపారమంతా దొంగ వ్యాపారం అనుకుంటారేమో. కాదు. పొందూరు ఖాదీ వాళ్లకి రెండు ప్రకటనలు చేశాను ఒకసారి. మొదటిది గొప్పగా రాశాను: తరతరాల వారసత్వం, స్వచ్ఛత, ఇంకేవో. రెండోది మా కుర్రాడు రాశాడు: "ఈ పంచె దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. నమ్మకపోతే వీడియో చూడండి." అంతే. పొందూరులో నిజంగానే వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేస్తారు. నా ప్రకటనకి పదకొండు మెసేజీలు వస్తే వాడిదానికి అరవై దాటాయి. ఫోను మీద జరుగుతున్న మనిషి వేలు ఆగాలంటే అబద్ధమే చెప్పక్కర్లేదు, వినని నిజం దొరికినా ఆగుతుంది. అది దొరకడమే కష్టం, అందుకే జనం అబద్ధానికి వెళ్తారు. పైగా వాడి వాక్యాలు మనం మాట్లాడుకునేట్టు ఉన్నాయి. వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మా పక్క జిల్లాలో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. అంత దగ్గరివాణ్ని, నేను ఇంకా 'తరతరాల వారసత్వం' దగ్గరే ఉన్నాను.

పేపర్ల సంగతి కూడా చెప్పాలి. నాన్న పక్షం వహించి, పేపరంటే నిజం, ఫోనంటే అబద్ధం అని రాసేస్తే సులువుగా ఉంటుంది. కానీ మండలాల్లో వార్తలు రాసే కంట్రిబ్యూటర్లు నాకు నలుగురైదుగురు స్నేహితులు. వాళ్లకి నెల జీతం ఉండదు, అచ్చయిన వార్తల కొలత మీద ఎంతో కొంత వస్తుంది. ఆగస్టు 15కి, జనవరి 26కి, పత్రిక వార్షికోత్సవానికి, నాయకుల పుట్టినరోజులకి ప్రకటనలు తెమ్మని టార్గెట్ ఉంటుంది. సోమవారం ఒక సర్పంచ్ మీద వార్త రాసి, గురువారం అదే సర్పంచ్ దగ్గరికి శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. 2009 ఎన్నికల తర్వాత డబ్బుకి వార్తలు అమ్ముకోవడం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు పాత్రికేయులతో ఉపసంఘం వేసింది, పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు పత్రికల పేర్లతో సహా రాసిచ్చారు. కౌన్సిల్ 2010లో కుదించిన నివేదిక బయటపెట్టింది. పూర్తిది జనం చేతికి వచ్చింది 2011లో, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక. పత్రికల మీద రాసిన నిజానికే ఇంత పురుటి నొప్పులు.

నా చేతులూ అంత శుభ్రమేం కాదు. ఒక కాలేజీ గురించి నేను రాసిచ్చిన పొగడ్త ఒకసారి ఒక పత్రికలో 'ప్రకటన' అన్న మాట లేకుండా వార్తలా వచ్చింది. కాలేజీ వాళ్లు సంతోషించారు, నాకు బిల్లు వచ్చింది. ఆ కటింగు నాన్నకి చూపించలేదు.

విచిత్రం ఏమిటంటే, పేపరుని ఎవరూ నమ్మడం లేదని రోజూ చెప్పేవాడికి కూడా పేపరు ఆకారం కావాలి. మొన్నటి ఎన్నికల్లో నా దగ్గరికి వచ్చిన పనుల్లో ఒకటి: ఒక ప్రముఖ పత్రిక అక్షరాలు, గీతలు, రంగు అచ్చం దించి, అచ్చు కాని వార్తని కటింగులా తయారుచేసి ఇవ్వాలి. వాట్సాప్‌కి అట. కటింగు అంచు కాస్త చిరిగినట్టు ఉండాలని కూడా చెప్పాడు మహానుభావుడు. చెయ్యనన్నాను. ఇంకెవరో చేసే ఉంటారు. అలాంటివి అన్ని పక్షాల నుంచీ వచ్చాయి, నాకే గ్రూపుల్లో కనబడ్డాయి. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది, చాలాసార్లు చేతులు మారిందని రెండు బాణాల గుర్తు కూడా ఇప్పుడు చూపిస్తుంది. ఎన్ని చేతులు మారిందో కాస్త తెలుస్తుంది, మొదటి చెయ్యి ఎవరిదో తెలియదు. అడుగు లైను లేదు.

ఇప్పుడు నేను చేసిన పని. ఏ పార్టీ, ఏ నియోజకవర్గం అని అడక్కండి. హైదరాబాద్‌లో వార్ రూమ్ నడిపే ఒక ఏజెన్సీ, స్థానికంగా ప్రకటనలు పెట్టి కామెంట్లు చూసుకునే పని నాకు అప్పజెప్పింది. 2024 మే 13న పోలింగ్, మే 11 సాయంత్రం 6కి ప్రచారం బంద్, అప్పటిదాకా రోజూ బొమ్మలు వచ్చేవి, నేను పిన్లు వేసేవాణ్ని. ఒకరోజు రాత్రి పదకొండింటికి మూడు బొమ్మలు వచ్చాయి. మూడూ ఒకటే. అభ్యర్థి ఫొటో, వెనక పిల్లలు, 'మన మండలానికే డిగ్రీ కాలేజీ'. మండలం పేరు మాత్రం మూడింటిలో మూడు రకాలు. నియోజకవర్గం మొత్తానికి కాలేజీ ఒక్కటే అని మేనిఫెస్టో కాగితంలో ఉంది, అది కూడా వాళ్లే పంపారు.

ఫోన్ చేశాను. అవతల కుర్రాడు నిద్ర మత్తులో, "టెంప్లేట్ సర్. మండలం పేరు ఒక్కటే మారుద్ది. ఒకళ్లది ఒకళ్లకి కనపడదు కదా, టెన్షన్ ఎందుకు?" అన్నాడు. ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది, సోషల్ మీడియాలో రాజకీయ ప్రకటనలకి కూడా ముందే ఎన్నికల అధికారుల మీడియా కమిటీ అనుమతి తీసుకోవాలని, ఖర్చు అభ్యర్థి లెక్కలో చూపాలని. అనుమతి ఉందా అని అడిగాను. ఉంది సర్ అన్నాడు. చూపించమని నేను అడగలేదు.

పెట్టాను. రెండు రోజులు నడిచాయి. మూడు పిన్లు, మూడు మండలాలు.

కామెంట్లు నేనే చూసుకునేవాణ్ని కదా, ప్రతిదీ చదివాను. జై కొట్టినవాళ్లు ఉన్నారు, తిట్టినవాళ్లు ఉన్నారు, మా ఊరికి ముందు రోడ్డు వెయ్యండి అన్నవాళ్లు ఉన్నారు. కానీ, అదేంటి, మా మావగారి ఊళ్లో కూడా ఇదే కాలేజీ అంటున్నారే అని ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. నెల్లిమర్లలో ఏడున్నరకి బయటపడిన మోసం ఇక్కడ బయటపడలేదు. జనం తెలివి తగ్గి కాదు. రెండు కాగితాలు ఒక బల్ల మీద పడలేదు, అంతే. నా పనిలో నాకు భయం వేసేది ఇది ఒక్కటే. అబద్ధం ఆడేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఒకరికి చెప్పింది పక్కవాడికి వినబడేది కాబట్టి కాస్త వెనకా ముందూ చూసేవారు. ఇప్పుడు పక్కవాడికి వినబడకుండా చెప్పడమే మేం అమ్మే సరుకు. దానికి ప్రీమియం రేటు, పైన 18 శాతం జీఎస్టీ. (ఆ ఏజెన్సీ నాకు సగం డబ్బులు ఇంకా ఇవ్వలేదు. అది వేరే ఏడుపు.)

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఎందుకో నాన్నకి చెప్పేశాను. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. కళ్లకి ఆపరేషన్ అయింది, ఫోన్లో భక్తి వీడియోలు, రైల్వే గేట్ల వీడియోలు చూస్తాడు. రాజకీయ ప్రకటనల్ని ఫేస్‌బుక్ 2019 నుంచి మన దేశంలో ఒక లైబ్రరీలో దాస్తోంది, ఏడేళ్లు ఉంచుతుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. అందులో ఆ మూడూ వెతికి తీసి చూపించాను. ఖర్చు ఖచ్చితంగా ఇంత అని ఉండదు, ఇంత నుంచి ఇంత అని ఉంటుంది.

నాన్న ఫోను దూరంగా పట్టుకుని, వేలితో కిందకి జరుపుతూ, "అడుగేదిరా దీనికి?" అన్నాడు. దీనికి అడుగు పైన ఉంటుంది నాన్నా, ఇదిగో ఎవరు డబ్బు కట్టారో ఇక్కడ ఉంటుంది అని చూపించాను. ఏజెన్సీ పేరు. పైకి చదివాడు. కాసేపు ఏమీ అనలేదు.

"ఉంది కదా. మరి ఇలా పక్కపక్కన పెట్టి చూసినోళ్లెవరు?"

"నువ్వే."

ఫోను నా చేతికిచ్చి, కొట్టం వైపు వెళ్లిపోయాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

కనుమ మర్నాడు పొద్దున్న ఇద్దరం టీకి వెళ్లాం. పాత బడ్డీ లేదు, ఇప్పుడక్కడ అల్లం టీ అమ్మే చైన్ షాపు, ప్లాస్టిక్ కుర్చీలు. నాన్న వయసువాళ్లు నలుగురు, తలా ఒక ఫోను. నాన్న కూర్చోకుండానే మొదలుపెట్టాడు, మావాడు ఏం చేశాడో తెలుసా అని. పేర్లేవీ చెప్పొద్దని నేను కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాను. మండలాల పేర్లు మూడూ చెప్పేశాడు. మిల్లులో చేసి రిటైరైన ఒకాయన గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు. వాళ్ల చిన్నమ్మాయిని ఇచ్చింది అందులో ఒక మండలానికే, మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం.

"అయితే బాబూ, ఆ కాలేజీ ఇంతకీ ఏ ఊరొచ్చినట్టు?"

టీ బాగా వేడిగా ఉంది. ఊదుకుంటూ కూర్చున్నాను.